బోధకుల వృత్తిత్యాగము

క్రైస్తవసంఘములలో జీవితమంతయు బోధకవృత్తికే యిచ్చివేసికొన్నవారు నడుమనే యా వృత్తిని విడిచి యేల పోవుదురను ప్రశ్నను విచారించు గ్రంథమొకటి 2005వ సంవత్సరమున అమెరికాలో వెలువడినది. దాని పేరు 'పాస్టర్స్ ఇన్ ట్రాన్సిషన్'. డీన్ హోజ్, జాక్వెలిన్ వెంగర్ అను నిరువురు దానిని రచించిరి. ఐదు ప్రొటెస్టెంటు శాఖలలో స్థానికసంఘ పరిచర్యను మానుకొన్న బోధకులకు ప్రశ్నపత్రములను పంపి, కొందఱితో స్వయముగా మాటలాడి, వారు చెప్పిన కారణములను వింగడించి చూపిరి. గ్రంథము క్రొత్తది కాదు. అయినను దానినిప్పుడు మా చదువరుల యెదుట బెట్టుటకు హేతువు కలదు. ఆ ఐదు శాఖలలో నొకటి అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరను సంఘము. 1849లో పలనాటి గురజాలకు వచ్చి కాపురమున్న ఫాదర్ హయ్యరుగారిని మన దేశమునకు బంపిన సభలు కాలక్రమమున నొకదానితో నొకటి కలసి, తుదకు 1988లో నీ శాఖగా నేర్పడినవి. అచ్చటివారు తమ యింటి రోగమును దామే పరీక్షించి వ్రాసికొన్న చీటిని, అదే వేరునుండి మొలచిన పలనాటి సంఘములు చదివి చూచుకొనుట యనుచితము కాదు.

ఇది క్రైస్తవుల యింటి తగవు, మనకెందులకని కొందఱనుకొనవచ్చును. ఒక సిద్ధాంతమునకై జీవనమును ధారవోసిన మనుష్యుడు పదియేండ్లకో పదునైదేండ్లకో మనసు విఱిగి యూరు విడుచుట యే యొక్క మతమునకును సొంతమైన రోగము కాదు. బ్రాహ్మసమాజము 1866లో నొకసారి చీలినది. కూచ్‌బిహారు వివాహము నిమిత్తముగా 1878లో మఱియొకసారి చీలినది. సంస్కారసభలను స్థాపించిన పెద్దలు విగ్రహములను విడిచినంత సులభముగా నధికారమును విడువజాలరైరి. అదిగాక, మన యమ్మమ్మలలో నెందఱకో మొదటి యక్షరములు దిద్దించినది మిషను బడి పంతులమ్మ. ఆమె పెక్కుచోట్ల బోధకుని యిల్లాలే. ఆ యింటికి గలిగిన కష్టము మన వీధికి సంబంధించినది కాదని చెప్పుట కృతఘ్నత.

గ్రంథములోని ముఖ్యాంశమిది. బోధకులు వృత్తిని విడుచుటకు జెప్పిన కారణములలో సంఘములోని కలహమును, పై యధికారులతోడి కలహమును ముందువరుసలో నున్నవి. కుటుంబమును జూచుకొనవలసి వచ్చుట, అలసట, వేఱు విధమైన సేవపై మనసు పోవుట మొదలగునవియు గలవు. కాని యాశ్చర్యమేమనగా, కలహవిషయములు వేదాంతవిషయములు కావు. పత్రికలలో బెద్ద యక్షరములతో నచ్చుపడు తత్త్వవివాదములును గావు. బోధకుడు సంఘమును నడపు తీరు, సొమ్ము వెచ్చములు, ఆరాధనలో పాటలను పద్ధతులను మార్చుట, తోడి యుద్యోగులతో బొసగకపోవుట, కట్టడములు, ఇవి యట! ప్రతి యింటను బ్రతి కచేరిలోను నుండు చిల్లర సంగతులే. ఈ సత్యమును దాపఱికము లేక చెప్పినందులకు గ్రంథకర్తలు స్తుతిపాత్రులు. బోధకుడొకడు వృత్తిని విడువగానే విశ్వాసము సన్నగిల్లినదనియో నడవడి చెడినదనియో లోకము గుసగుసలాడును. ఆ నింద పెక్కురకు దగదని వీరు చూపిరి. విడిచినవారు తఱచుగా నొంటరితనమును జెప్పుకొనిరనియు, ఆపదలో బై యధికారుల యాదరణము వారికి జాలలేదనియు గూడ గుర్తించిరి.

అయినను మాకు దృప్తి కలుగలేదు. పలనాటివారికి గథ యొకటి యుగ్గుబాలతో నబ్బియున్నది. పండ్రెండవ శతాబ్దమున గారెంపూడి రణభూమిలో నంతటి వీరక్షయ మేల జరిగినదని చిన్నపిల్లవాని నడిగినచో గోడిపందెము వలన ననును. ఆ పిల్లవాడే పెద్దవాడైన పిదప గోళ్లు నిమిత్తమాత్రములని తెలిసికొనును. మాచర్లకును గురజాలకును నడుమ రాజ్యభాగమును గూర్చిన పగయు, బ్రహ్మనాయనికిని నాగమ్మకును గల పోటీయు, చాపకూటి వలన రేగిన కులాగ్రహమును గోళ్లు బరిలోనికి దిగుటకు ముందే యుండెను. మన గ్రంథకర్తలు కోళ్లను జక్కగా లెక్కించిరి. ఏ కోడి యెన్ని మారులు పోరాడెనో పట్టిక వేసిరి. బరి గట్టినవారెవ్వరను ప్రశ్నకు మాత్రము వారి ప్రశ్నపత్రములో జాలినంత చోటు లేదు. అమెరికాలో నా ప్రశ్న యంత యవసరము కాకపోవచ్చును. పలనాటిలో దానిని విడిచినచో మిగిలిన విచారణ యంతయు వ్యర్థము.

పల్లెలోని బోధకుని జీవనమును జూడుడు. ఆయనను 'అయ్యగారు' అందురు, ఆయన భార్యను 'అమ్మగారు' అందురు. ఈ గౌరవవాచకముల వెనుక నున్న యాదాయము మిక్కిలి స్వల్పము. తెలుగు సంఘములలో బహుకాలముగా 'పిడికెడు బియ్యము' అను నాచారమొకటి కలదు. కూలికి బోయి వచ్చిన యిల్లాలు పొయ్యిమీద నెసరు పెట్టునపుడు బియ్యములో నొక పిడికెడు తీసి వేఱు కుండలో వేయును. ఆదివారమున నది గుడికి జేరును. ఇంతకంటె బవిత్రమైన చందా యేదియు మేమెఱుగము. ఆ పిదప గోతపండుగ. గుమ్మడికాయలు, కోళ్లు, మిరపకాయలు, ప్రత్తి గుడిముందు రాశిగా బోసి వేలము వేయుదురు. మిర్చి ధర పడిపోయిన యేడు కానుకల పెట్టె తేలికయగును. నాగార్జునసాగరపు గాలువలలో నీరు రాని యేడు మఱింత తేలికయగును. బోధకుని కుటుంబము వానకును మిర్చి ధరకును గట్టుబడినది. ఇందులో నవమానమేమియు లేదు; ఊరందఱికిని గలుగునదే.

అవమానము లెక్కయొద్ద ప్రారంభమగును. వేలమునందు వచ్చిన సొమ్మును సంఘపెద్ద యొకడు దీసికొనును. అతడే కోశాధికారి, అతడే గుడి స్థలమునకు గాపరి, అతని మఱదియే గుడిగోడ గట్టిన మేస్త్రి. లెక్క చూపుడని బోధకుడడిగిన దినమే కలహము పుట్టినదినము. అమెరికా గ్రంథములో నిట్టి కలహము 'సొమ్ము వెచ్చములు' అను గడిలో బడును. ఇది సొమ్మును గూర్చిన కలహమా? ఎవరు ఎవరిని లెక్క యడుగదగుదురను కలహము. సొమ్ము నాలుగువేలైనను నలువదివేలైనను కలహమంతే యుండెడిది.

కులము సంగతి యింతకంటె గహనము. గుంటూరు మండలమందలి లూథరను సంఘములలో మాలలును, ఒంగోలునుండి వ్యాపించి 1883లో నరసరావుపేట, వినుకొండలలో స్థిరపడిన బాప్టిస్టు సంఘములలో మాదిగలును సంఖ్యలో నెక్కువవారగుట చరిత్రజ్ఞులెఱిగిన విషయము. ఒకే యూరిలో రెండు వీధులు, రెండు గుళ్లు, రెండు గంటలు, తఱచు రెండు శ్మశానములు. కన్నమదాసును గొడుకుగా జేపట్టి, యన్ని కులములవారిని నొక్క చాపమీద గూర్చుండబెట్టి కూడు పెట్టించిన బ్రహ్మనాయని సీమ యిది. క్రైస్తవుల ప్రభురాత్రి భోజనము చాపకూడు కాక మఱేమి? అట్టిచోట నీ వీధి పిల్లకును ఆ వీధి పిల్లవానికిని పెండ్లి చేయుటకు బోధకుడు సమ్మతించినాడనుకొందము. మఱునెలలో బై యధికారికి మహజరు పోవును. ఆ మహజరును మీరు చదివినచో గులమను మాట యందెచ్చటను గానరాదు. 'అయ్యగారు పెద్దలను సంప్రదింపరు, అయ్యగారి పద్ధతి సంఘమునకు సరిపడలేదు, కావున వేఱొకరిని బంప బ్రార్థన' అని మాత్రముండును. ఇక హోజ్, వెంగర్‌గార్ల పట్టికలో దీనికి గల స్థానమేది? 'బోధకుడు సంఘమును నడపు తీరు'. అన్నింటికంటె నెక్కువ కలహములను దనలో నిముడ్చుకొన్న యా గడిని జూచినపుడెల్ల మాకీ మహజరు జ్ఞాపకము వచ్చుచున్నది. అమెరికా సంఘములలో నా మాటల వెనుక నేమున్నదో యచ్చటివారు చెప్పవలెను. పలనాటిలో నేమున్నదో మేము చెప్పితిమి.

దీనికి దోడు రాజకీయపు గక్షలు. పలనాటి పల్లెలలో బార్టీయనగా నభిప్రాయము కాదు, వంశము. 2024 మే నెలలో బోలింగునాడును దాని తరువాతను మాచర్ల, నరసరావుపేట ప్రాంతములలో జరిగిన యల్లరులు దేశమంతయు జూచినది. అట్టి యూరిలో నభ్యర్థి యొకడు తన యింట బ్రార్థన చేయుమని బోధకుని బిలుచును. పోయినచో నెదుటి పక్షమువారు గుడికి రారు. పోనిచో బిలిచినవారు రానీయరు. ఆయన రెండిండ్లకును బోయి ప్రార్థించెనా, రెండు పక్షములును గలసి యాయనను నమ్మవు. మతపీఠముపై గూర్చున్నవాడు కక్షలకు మీదుగా నుండవలెనని చెప్పుట సులభమే. ఆయన పిల్లలు చదువు బడియు, ఆయన నీరు తోడుకొను బోరింగును, ఆయన యింటి యద్దెయు నేదో యొక పక్షము చేతిలోనివే.

కలహములు లేని సంఘము భూమిపై లేదు. క్రైస్తవుల మూలగ్రంథమునందే పౌలును బర్నబాయును మార్కను యువకుని విషయమై తీవ్రముగా వాదించుకొని యెవరి త్రోవను వారు పోయిరి. ఆ మార్కు పూర్వము ప్రయాణమధ్యమున బనిని విడిచి పోయినవాడే. అనంతరము పౌలే యాతని దనకు బ్రయోజనకారిగా నెంచి పిలిపించుకొనెను. కాబట్టి కలహమును దానంతట దాని బరమకారణముగా జెప్పుట మాకు సమ్మతము కాదు. కలహము వచ్చిన పిమ్మట రెండు పక్షములను వినునట్టి స్థానమెచ్చట నున్నది? విడిచినవానికి దిరిగి వచ్చు ద్వారమున్నదా? మా విమర్శ యంతయు నీ రెంటిమీదనే నిలిచియున్నది.

దీనికి బలనాటి చరిత్రయే సాక్ష్యము. 1793లో జర్మనీలో బుట్టి అమెరికాలో బోధకుడైన హయ్యరుగారిని 1840లో జనరల్ సినడునకు జేరిన మిషను సంఘమువారు భారతదేశమునకు నియమించిరి. అమెరికన్ బోర్డను మఱియొక సంస్థ చేతిక్రింద దమ మిషను నడువవలెనను నేర్పాటు ఆయనకు రుచింపలేదు. నియామకమును విడిచెను. ఈ కాలపు బట్టికలలో నాయన పేరు 'పై యధికారులతో విరోధము' అను గడిలో జేరియుండును. కథ యంతటితో ముగిసియుండును. కాని పెన్సిల్వేనియా మినిస్టీరియమను వేఱొక సభ యాయనను జేపట్టి 1841లో బంపెను. 1842 జూలై 31వ తేదీన ఆయన గుంటూరు జేరెను. కలెక్టరు స్టోక్సుదొర యాదరించెను. నాలుగేండ్లకు దిరిగిపోయి, ఏబదియేండ్లు దాటిన వయస్సున వైద్యవిద్య నభ్యసించి పట్టము పొంది, 1848లో మరల వచ్చి మఱుసటి యేడు గురజాల జేరెను. 1857లో నీ దేశమును విడిచెను.

ఆ తరువాతి కథ యింకను విచిత్రము. 1866, 67 సంవత్సరములలో అమెరికాలోని లూథరనులు తమలో దాము విరోధించి రెండు మహాసభలుగా జీలిరి. పెన్సిల్వేనియాలో బుట్టిన యా తగవునకు గృష్ణాతీరమందలి కూలివాడు బాధ్యుడా? అయినను గుంటూరు మిషను ఒక పక్షమునకు, రాజమహేంద్రవరపు మిషను వేఱొక పక్షమునకు బంచబడినవి. 1869లో రాజమహేంద్రవరమునకు మనుష్యులు లేక దానిని వేఱొక మిషనరీ సంఘమునకు నప్పగింపబోవుచుండగా, డెబ్బదియైదేండ్లు నిండిన హయ్యరుగారు నేనే పోయెదనని లేచి, యన్నంత పనియు జేసెను. ఒకసారి నియామకమును, మఱియొకసారి దేశమును విడిచిన మనుష్యునికి మూడవసారి తలుపు తీసినవారుండిరి. చీలిన సభలు 1918లో గలసినవి. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరను సంఘము ఏర్పడినది. పలనాటిలో నెవరైనను హయ్యరుగారి పట్టుదలను బొగడునపుడు, ఆయన రాజీనామాను గూడ స్మరింపవలెనని మా మనవి.

అయితే యా రెండవ తలుపు తెల్లదొరకు దెఱవబడినట్లు దేశీయబోధకునకు దెఱవబడినదా? 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, రెండేండ్లకు దోర్నకల్లు బిషప్పు కాబోవు అజరయ్యగారు లేచి, మిషనరీలకును దేశీయ బోధకులకును నడుమ నున్నది యజమాని సేవక సంబంధమేగాని స్నేహము కాదని నిర్మొగమాటముగా జెప్పెను. సభలోని పెక్కురకు నది కటువుగా దోచినదట. దొరలు పోయినచో నీ సంబంధము మాఱునని యందఱు ననుకొనిరి. దొరలు పోయిరి, కుర్చీ మిగిలినది. బడులు, ఆసుపత్రులు, పట్టణమధ్యమున నెకరములకొలది స్థలములు, వానితోడి యధికారము మిగిలినవి. ఇరువదవ శతాబ్దపు టుత్తరార్ధమునుండి తెలుగు సంఘములలో నధ్యక్షపదవులు, ఎన్నికలు, ఆస్తులు న్యాయస్థానములకెక్కిన సంగతి గుంటూరు, నెల్లూరు మండలములవారికి మేము చెప్పనక్కఱలేదు. పైన రెండు కార్యవర్గములుండి, రెండును మేమే నిజమైనవారమని వాదించుచుండగా, గ్రామములోని బోధకుడు తన మొఱ నెవరికి జెప్పుకొనును? ఒకరికి జెప్పినచో రెండవవారికి శత్రువగును. బదిలీ యుత్తరువిచ్చువాడే మహజరు నందుకొనువాడు. మహజరు వ్రాసినవాడే రేపటి యెన్నికలో నాతనికి వోటు వేయువాడు. వాదియే న్యాయాధిపతి యైనచోట నీర్ష్యలేని తీర్పును గోరుట యిసుకనుండి తైలమును గోరుట.

1750లో నార్తాంప్టను సంఘమువారు జోనతను ఎడ్వర్డ్సును వెడలగొట్టిరి. 1832లో ఎమర్సను ప్రభురాత్రి భోజనవిషయమున సంఘముతో నేకీభవింపలేక బోస్టనులోని పీఠమును విడిచెను. మన దేశముననే వెరియర్ ఎల్విన్ అను నాంగ్లేయ బోధకుడు బిషప్పుతో విరోధము ముదిరి 1935లో సంఘమును విడిచి, గోండుల నడుమ వసించి, మానవశాస్త్రజ్ఞుడై ప్రసిద్ధికెక్కెను. వీరందఱును విడిచిపోయినవారే. కాని వీరి చేతిలో గలమున్నది, వెనుక విశ్వవిద్యాలయమున్నది, వీరి మాటను వినుటకు లోకమున్నది. పలనాటి బోధకుని చేతిలో వేదాంతపాఠశాల యిచ్చిన పట్టము తప్ప వేఱు లేదు. ఆ పట్టము సంఘము వెలుపల నే యుద్యోగమునకును బనికిరాదు. నలువదియేండ్ల వయస్సున నాయన ప్రత్తి మిల్లులో గుమాస్తాగా జేరునా?

ఇక్కడనే యమెరికా గ్రంథమునకును మన యనుభవమునకును గల ముఖ్యభేదము మాకు గనబడినది. అచ్చట బోధకుడు సంఘముతో గలహించి వృత్తిని విడుచును. ఇచ్చట సంఘమును విడిచి వృత్తిని నిలుపుకొనును. ఊరి చివర రేకుల పంచ యొకటి లేచును. దానిపై నొక క్రొత్త పేరు వ్రాయబడును. ఇరువది కుటుంబములు పాత గుడినుండి యచ్చటికి నడచును. విడిచిపోయినవారి పట్టికలో నాయన పేరుండదు. కాని యాయన విడిచిపోయినవాడే. స్వతంత్ర ప్రార్థనామందిరములు పల్లెపల్లెను లేచుట చూచి కొందఱు మతోత్సాహమనియు, కొందఱు విదేశధనమనియు జెప్పుచున్నారు. వానిలో నెన్ని తెగని తగవులో యెవరును విచారింపరు. ఈ త్రోవకు బూర్వోదాహరణము లేకపోలేదు. రాజమహేంద్రవరమున లూథరను సంఘసేవలో వృద్ధుడైన ముంగమూరి దేవదాసుగారు 1938లో ఆ సంఘమునుండి వెలుపలికి వచ్చి బైబిలు మిషనును స్థాపించిరి. 1960లో గుంటూరు సమీపమున గాకానిలో గాలధర్మము నొందిరి. ఆయన దైవాదేశమువలన వెడలెనని యాయన శిష్యుల విశ్వాసము. దానిని దర్కించుట మా పని కాదు. ఒకటి మాత్రము చెప్పుదుము. దేవదాసుగారివంటి పెద్ద లేచినచోట నొక క్రమము, ఒక భక్తిసంప్రదాయము నేర్పడినవి. అట్టి పెద్ద లేనిచోట బోధకుడొక్కడే పంచకు యజమాని, కోశాధికారి, న్యాయాధిపతి యగును. పాత గుడిలో దన్ను బాధించిన దోషమునే క్రొత్త పంచలో దాను జేయుటకు నాయనకు సంవత్సరము కూడ బట్టదు. అచ్చట నాయనపై మొఱపెట్టుకొనుటకు సామాన్యునికిని జోటు లేదు. ఆయనకు వ్యాధి వచ్చినచో నాదుకొనుటకు నిధియు లేదు. 2020 మే నెలలో మహమ్మారి కాలమున రాష్ట్రప్రభుత్వమువారు అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు దలకు 5,000 రూపాయలు సహాయమొసగినపుడు, ఆ స్వల్పమొత్తమును గూడ నిధిగా జూచుకొన్న కుటుంబములెన్నియో యుండెను.

ఇంతవఱకు బురుషుని గూర్చియే చెప్పితిమి. కలహపు బరువు నిజముగా మోయునది యాయన యిల్లాలు. ఆమెకు సంఘము జీతమీయదు, పని మాత్రము సంపూర్ణముగా నిచ్చును. స్త్రీల సమాజము నడపవలెను, ఆదివారపు బడి చూడవలెను, బాలింతల యిండ్లకు బోవలెను, వచ్చిన ప్రతి యతిథికిని గాఫీ కాచవలెను. ఆమె చీర క్రొత్తదైనచో గానుకల సొమ్మందురు; పాతదైనచో సంఘమునకు బరువు తక్కువయందురు. మహజరు పోయిన నాటినుండి నీళ్ల పంపునొద్ద నామెతో మాటలాడువారుండరు. భర్త యూరూర దిరుగువాడు గాన నాతనికి గొంత గాలి యాడును. ఆమె యా గోడలలోనే యుండవలెను. ఆ గోడలును ఆమెవి కావు. ఉద్యోగముతోబాటు ఇల్లు పోవు వృత్తులు లోకమున గొన్ని యున్నవి. ఉద్యోగముతోబాటు ఇల్లు, పిల్లల బడి, ఆదివారపు బంధువర్గము, ప్రార్థించుకొను స్థలము నొక్క సాయంకాలమున బోవునది యీ వృత్తి యొక్కటే. అందువలన మనసు విఱిగిన పదియేండ్లకు గాని యనేకులు విడువరు. విడువని యా పదియేండ్లు సంఘమునకు లాభమని యెవరైన నెంచినచో, విఱిగిన మనస్సుతో జేయబడిన ప్రసంగములను వారు వినలేదన్నమాట.

వెలి యనునది కుటుంబమునెట్లు తాకునో వినుకొండవారికి దెలియును. 1895లో నచ్చట జన్మించిన గుఱ్ఱము జాషువాగారు బోధకులు కారు. మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతముతో బనిచేసిన పంతులు. క్రైస్తవుడై యుండి హిందూపురాణ విషయములపై గవిత్వము చెప్పుచున్నాడని సంఘము వారి కుటుంబమును వెలివేసినదని యాయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. ఒకవైపున గులమును జూచి హిందువులు దూరము పెట్టిరి. మఱియొకవైపున గవిత్వమును జూచి క్రైస్తవులు దూరము పెట్టిరి. ఆంధ్రదేశమున కాయన మహాకవిగా మిగిలెను గావున నా వెలి చరిత్రకెక్కినది. చరిత్రకెక్కని వెలులను గూర్చి మేము వ్రాయుచున్నాము.

చట్టము సంగతి యొకటి యిందు జేర్పక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి క్రైస్తవుడైనవానికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. మన రాష్ట్రమున నాతని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమున జేర్చి నూటికొక్క వంతు నిచ్చిరి. సంఘములోని పెక్కుకుటుంబములు కాగితముపై హిందువులుగానే నిలిచి హోదాను గాపాడుకొనును. వారిని మేము నిందింపము. చట్టము వారినట్లు చేసినది. దాచుకొనలేనివాడు బోధకుడొక్కడే. 2025లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమువారు ఒక బోధకుని వ్యాజ్యమున, క్రైస్తవము నవలంబించినవానికి షెడ్యూల్డు కులములపై నత్యాచారముల నివారణచట్టపు రక్షణ వర్తింపదని తీర్పు చెప్పిరి. పదిమంది కొఱకు దన హోదాను వదలుకొన్నవానిని ఆ పదిమందియే మహజరు వ్రాసి వెడలగొట్టినపుడు, ఆయన పిల్లలు తండ్రి నేమని ప్రశ్నింతురో యూహింపుడు.

గ్రంథకర్తలు బోధకులకు గలహపరిష్కార విద్యను నేర్పవలెననియు, వారికి దగిన తోడ్పాటు నేర్పఱుపవలెననియు సూచించిరి. మంచిదే. కాని యీదుట నేర్పినంతమాత్రమున నోడకు బడిన చిల్లు పూడదు. పలనాటి సంఘములకు మేము చెప్పదగినది మూడు మాటలు. మహజరు వచ్చినపుడు దాని ప్రతిని బోధకున కిచ్చి, యుత్తరువిచ్చు నధికారితో సంబంధము లేని కొందఱు విచారింపవలెను; వారిలో నూరికి వెలుపలివారును, స్త్రీలును, వేఱు వీధివారును నుండవలెను. విచారణలో బోధకుని భార్యను గూడ నడిగి యామె మాటను వ్రాసికొనవలెను. ఇంతవఱకు నే మహజరులోను నామె సాక్ష్యమడిగినట్లు మేము వినలేదు. వృత్తిని విడిచినవాడు మూడేండ్లకో యైదేండ్లకో తిరిగి రాగోరినచో నాతని దోషిగా గాక హయ్యరుగారి వంశమువానిగా జూచి తలుపు తీయవలెను.

ఇవి యెల్ల గాలమును బట్టునవి. వెంటనే చేయదగినది యొకటి కలదు. బదిలీ యుత్తరువులు ఏ నెలలో బడిన నా నెలలో నిచ్చుటవలన నడిసంవత్సరమున బోధకుల పిల్లల చదువులు తెగిపోవుచున్నవి. అవి వేసవి సెలవులలోనే యీయబడవలెనని యొక్క తీర్మానము చేసినచో జాలును. దానికి గాసు ఖర్చు లేదు.